పిల్లిగద్దను గద్ద అన్న ఆదివారం

కాలేజీలో జువాలజీ చెప్పడానికి కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సిలబస్ ఎలా పూర్తి చేయాలి, ప్రాక్టికల్స్‌కి కప్పలు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. అవి చెప్పడానికి వాళ్ళ పై లెక్చరర్లు ఉన్నారు. నాకు చెప్పాలనిపించేది వేరే ఉంది. అది నిజామాబాదులో నేను నడిపిన పిట్టల నడక గురించి. ఆ నడక నాకు మనుషులను ఇచ్చింది, తర్వాత వాళ్ళను దూరం చేసింది. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్నది చాలావరకు అక్కడిదే.

ఖలీల్‌వాడి గది

రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమైన తర్వాత కొద్ది కాలానికే నన్ను నిజామాబాదు కాలేజీలో వేశారు. మాది రేపల్లె పక్క. మా ఆవిడ అక్కడే జిల్లా బోర్డు స్కూల్లో టీచరు. ఆమెకు ఇటు బదిలీ రాలేదు, నాకు అటు రాలేదు. దాంతో ఖలీల్‌వాడిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడినే ఉన్నాను. సెలవులకు రైలెక్కి వెళ్ళడం, సెలవులు అయిపోగానే అదే రైల్లో రావడం. పెళ్ళయిన బ్రహ్మచారి అని నా తోటి లెక్చరర్లు నవ్వేవారు.

పిట్టల మీద ప్రేమతో నేను నడక మొదలుపెట్టలేదు. ఆదివారం పొద్దున గదిలో ఉండలేక మొదలుపెట్టాను. మిగతా రోజులు కాలేజీ ఉండేది, ఫార్మలిన్ వాసన ఉండేది, పిల్లల గొడవ ఉండేది. ఆదివారం ఏమీ ఉండేది కాదు. వీధిలో ప్రతి ఇంట్లోంచీ తాళింపు వాసన వస్తుంటే, నాకోసం ఎవరూ ఏదీ వండటం లేదన్న సంగతి బాగా తెలిసేది. చొక్కా వేసుకుని చెరువు కట్ట మీదికి పోయేవాణ్ణి.

వానలు వెనకపట్టి చెరువు నిండుగా ఉన్న రోజులవి. కట్ట మీద తోకాడించుకుంటూ నడిచే ఒక చిన్న బూడిదరంగు పిట్ట కనిపించింది. అంతకు ముందు వారం అది లేదు. పుస్తకంలో చూస్తే హిమాలయాలు దాటి వచ్చేదని ఉంది. క్లాసులో పక్షుల వలస గురించి అప్పటికి ఎన్నోసార్లు పాఠం చెప్పాను. వలస వచ్చిన పిట్టను ఇది వలస వచ్చిందని తెలిసి చూడటం మాత్రం అదే మొదలు. నాకు సిగ్గేసింది. తర్వాతి ఆదివారం ఇద్దరు విద్యార్థులను వెంట రమ్మన్నాను.

ఇది మీకు చెప్పేందుకు కారణం ఉంది. మంచి పనులు మంచి ఉద్దేశంతోనే మొదలవ్వాలని లేదు. గదిలో ఉండలేకపోవడం కూడా ఒక కారణమే.

నడిచినవాళ్ళు

ఆ ఇద్దరిలో ఒకడు నర్సింలు. ఎడపల్లి దగ్గర చెరుకు పండించే ఇంటివాడు. తండ్రి లేడు, తల్లీ తమ్ముడూ ఉన్నారు. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీ. పిట్ట కనిపిస్తే మాత్రం నా కంటే ముందు నిలబడి, అరచెయ్యి వెనక్కి చాపి అందరినీ ఆపేవాడు. ఆ సైగ నాది. వాడికి ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు.

తర్వాత ఊళ్ళోవాళ్ళూ కలిశారు. గడియారాలు బాగుచేసే ఖాజా మియా కట్ట మీద మమ్మల్ని చూసి, ఏం వెతుకుతున్నారని అడిగాడు. చెప్పాను. మరుసటి వారం ఆయనే వచ్చాడు.

"వారమంత కంటికి అద్దం పెట్టుకోని వేలెడు దూరం చూస్త సారు," అన్నాడు. "ఒక్క పూటన్న దూరం చూడాలె గద."

మిషన్ దవాఖానలో నర్సు సుగుణమ్మ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. చర్చి గంట వినపడగానే చెప్పులకు అంటిన బురద గడ్డి మీద తుడుచుకుని వెళ్ళిపోయేది. దసరా ముందు నుంచి చలి ముదిరే దాకా, ప్రతి ఏడూ ఆ కొద్ది నెలలు మా నడక. ఊరి పార్కు, చెరువు కట్ట, కచేరీ వెనక మామిడితోట. నెలకోసారి బోధన్ రైలెక్కి ఎడపల్లిలో దిగి అలీసాగర్ జలాశయం దాకా.

వాళ్ళు నాకు చుట్టాలు కారు. పండక్కి ఎవరూ భోజనానికి పిలిచింది లేదు, నేను పిలిచిందీ లేదు. ఆ రెండు గంటలు పక్కపక్కన నడిచేవాళ్ళం, తక్కువ మాట్లాడేవాళ్ళం. నాకది సరిపోయేది. సరిపోతుందనే అనుకున్నాను.

ఒక ప్రిన్సిపాల్

నాకు పైవాళ్ళుగా వచ్చిన ప్రిన్సిపాళ్ళలో ఒకాయనకు ఈ నడక నచ్చేది కాదు. హైదరాబాదు మనిషి, నిలువెత్తు షేర్వానీ, మంచి ఉర్దూ. గదికి పిలిపించి, "పిట్టలను చూస్తే పిల్లలు పాసైతరా లెక్చరర్ సాబ్?" అని అడిగారు. పాస్ కారని ఒప్పుకున్నాను. "మరి ఏమైతది?" అన్నారు. ఒకసారి మీరే రండి సార్ అన్నాను. వస్తారని అనుకోలేదు.

వచ్చారు. వచ్చి కట్ట మొదలు నుంచి చివరి దాకా మాట్లాడుతూనే ఉన్నారు. తన చిన్నతనం, నిజాం కాలంలో వేటలు, చనిపోయిన బేగం గారి తోట. ఒక్క పిట్ట నిలవలేదు. ఆయన మీద అధికారం ఎవరికీ లేదు కనక మేమంతా తలలూపుతూ నడిచాం. చివరకు సుగుణమ్మే అన్నది.

"సారు, జర మెల్లగ మాట్లాడుండ్రి. గవి ఎగిరిపోతున్నయి."

ఆయన ఆగిపోయారు. కోపం రాలేదు. "మాఫ్ కరో అమ్మా. ఇంట్ల మాట్లాడెటందుకు ఎవ్వరు లేరు," అన్నారు. మిగతా దారి నోరు తెరవలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు, నడకను ఆపమనీ అనలేదు. ఆయనను మళ్ళీ రమ్మని నేను పిలిచి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. అధికారి అంటే దూరంగా ఉండటమే మర్యాద అనుకునే కాలం అది. మీ కాలంలోనైనా అలా అనుకోకండి.

దసరా పాలపిట్ట

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని ఇక్కడ అందరి నమ్మకం. పిట్టలు పట్టేవాళ్ళు ముందు నుంచే పట్టి, పంజరాల్లో పెట్టి బజారుకు తెచ్చేవారు. ఎగరకుండా రెక్కల ఈకలు కత్తిరించేవారు.

ఒక దసరా పొద్దున నర్సింలు అలాంటి పాలపిట్టను ఒకదాన్ని కొని కట్ట మీదికి తెచ్చాడు. అందరి ముందూ వదలాలని వాడి ఆశ. రెక్క విప్పి చూశాను. పెద్ద ఈకలు మొదలు దాకా కోసి ఉన్నాయి.

"ఇది ఎగరదు నర్సింలూ. వదలకు," అన్నాను.

"ఎగురుతది సారు. ఆకాశం చూస్తె అదే ఎగురుతది."

"ఈకలు లేందే ఎలా ఎగురుతుందిరా? క్లాసులో ఏం విన్నావు?"

వాడు వినలేదు. చేతులు పైకెత్తి వదిలాడు. పిట్ట నీలంగా ఒక్కసారి మెరిసి నీళ్ళలో పడింది. సుగుణమ్మ చీర తడవడం చూసుకోకుండా దిగి, తుంగలోంచి దాన్ని తీసింది. ఆమె చేతుల్లోనే కాసేపటికి పోయింది.

అందరి ముందూ వాణ్ణి తిట్టాను. జాలి వేరు, తెలివి వేరు అన్నాను. పిట్ట మీద జాలితో పిట్టను చంపావన్నాను. వాడు ఏడుస్తూ వెళ్ళిపోయాడు. ఖాజా మియా నన్ను పక్కకు తీసుకుపోయి, "గంత గట్టిగ అనొద్దుండె సారు. పండుగ పూట," అన్నాడు. ఇక వాడు రాడనుకున్నాను. తర్వాతి ఆదివారం మా అందరి కంటే ముందే కట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఈకలు మళ్ళీ మొలవడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. చెప్పాను. అంతే, ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

మా ఇద్దరి సంబంధం అలాంటిది. నేను తప్పంటే వాడు నొచ్చుకునేవాడు, మళ్ళీ వచ్చేవాడు. ఎమ్మెస్సీకి హైదరాబాదు వెళ్ళాడు. చదువు పూర్తి చేసి మా కాలేజీకే డెమాన్‌స్ట్రేటరుగా వచ్చాడు. ఆ రోజు నాకు ఎంత ఆనందమైందో మా ఆవిడకు ఉత్తరం రాస్తే, ఆమె సొంత కొడుక్కి ఉద్యోగం వచ్చినట్టు రాశారే అని జవాబు రాసింది. మాకు పిల్లలు లేరు.

ఈలోగా సుగుణమ్మను బీదరు పక్క ఇంకో దవాఖానకు పంపేశారు. వెళ్ళే వారం కూడా నడకకు వచ్చింది. గంట వినపడగానే ఎప్పటిలాగే చెప్పులు తుడుచుకుని వెళ్ళింది. ఉత్తరం రాస్తానన్నది కానీ, మేం ఉత్తరాలు రాసుకునే మనుషులం కాము.

ఎడపల్లి స్టేషన్

అరవై తొమ్మిదిలో తెలంగాణ వేరు కావాలని ఉద్యమం వచ్చింది. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. అటు ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగులు వెళ్ళిపోవాలని గోడల మీద రాశారు. నా గది గోడ మీద కూడా రాశారు. నాతో కలిసి టీ తాగే లెక్చరర్లు నన్ను చూసి చేతిలోని పేపరు పైకెత్తుకునేవారు. ఎవరూ నన్ను కొట్టలేదు, ఒక్క చెడ్డ మాట అనలేదు. పలకరింపులు ఆగాయి. పాలవాడు కూడా గిన్నె గడప దగ్గర పెట్టి, పిలవకుండా పోయేవాడు. మా ఆవిడ వచ్చేయమని రాసింది. బదిలీ లేకుండా ఎలా వస్తానని రాశాను.

ఆ అలజడి కొంత సద్దుమణిగి, దసరా దాటింది. నర్సింలు నాతో కాలేజీలో పని మాటలు మాట్లాడుతున్నాడు, అంతకు మించి లేదు. నడక సంగతి ఎవరూ ఎత్తలేదు. అయినా ఏటా దసరా దాటిన ఆదివారం అలీసాగర్ వెళ్ళడం మా అలవాటు. అలవాటును నమ్ముకుని స్టేషన్‌కు వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. రైలు వచ్చింది. ఎక్కాను.

ఎడపల్లిలో దిగి చెరుకు చేల మధ్య ఒక్కడినే నడిచాను. బోధన్ ఫ్యాక్టరీలో గానుగ ఇంకా మొదలు కాలేదు, ఎడ్లబండ్లు ఇంకా రోడ్డెక్కలేదు. అంత నిశ్శబ్దంగా ఆ దారిని నేనెప్పుడూ చూడలేదు. కట్ట ఎక్కి దుర్భిణి కంటికి పెట్టుకున్నాను. అవతలి ఒడ్డున, తోట కింద, మనుషులు కనిపించారు.

ముందు నర్సింలు. వెనక ఖాజా మియా. వాళ్ళ వెనక మా కాలేజీ పిల్లలు, ఆడపిల్లలు కూడా. బస్సులో వచ్చినట్టున్నారు. నర్సింలు ఆగి అరచెయ్యి వెనక్కి చాపాడు. అందరూ ఆగారు.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ కట్ట దారి, తోట దారి ఒకచోట కలుస్తాయి. నేను తిరిగినా వాళ్ళకు కనిపిస్తాను, పారిపోతున్నట్టు కనిపిస్తాను. అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. వాళ్ళు వచ్చారు.

నన్ను చూసి నర్సింలు నిలబడిపోయాడు. "నమస్తే సారు. మీరొస్తరనుకోలె," అన్నాడు.

"నేను రాననే వచ్చారా?"

ఖాజా మియా తల వంచుకున్నాడు. "నాకు దుకాణం ఉన్నది సారు. పోరగాండ్లు ఒకపారి అద్దాలు పలగ్గొట్టిండ్రు. మీతోని తిరుగుతనని," అన్నాడు. ఆయన దుకాణం అద్దాలు పగిలిన సంగతే నాకు తెలియదు.

"మియా సంగతి అట్లుంచుండ్రి," అన్నాడు నర్సింలు. పిల్లలను ముందుకు నడవమని చెప్పి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నాకెవ్వల భయం లేదు. నేనే పిలువద్దనుకున్న. మా తమ్ముని చెయ్యి పోలీసుల లాఠీకి విరిగింది. వాని సదువు అయిపోయి నాలుగేండ్లాయె, కొలువు లేదు. వానికి రావల్సిన జాగల మీ దిక్కెల్లి వచ్చినోడు కూసున్నడు. మీ మీద నాకు కోపం లేదు సారు. కని మీ ఎంబడి నడుసుకుంట పిట్టలు చూడబుద్ధి అయితలేదు. ఏం జేయాలె?"

వాడు చెప్పింది అబద్ధం కాదు. నేను కూర్చున్న కుర్చీ కూడా ఈ ప్రాంతంలో ఎవరిదో కావచ్చు. అలాగని నేను దొంగనూ కాను, వెయ్యమన్న చోటికి వచ్చినవాణ్ణి. ఈ రెండూ ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాలేదు. "తమ్ముడి చెయ్యి ఇప్పుడెలా ఉంది?" అని మాత్రం అడిగాను.

"అతికింది. కని వంకర అతికింది," అన్నాడు.

అప్పుడే ముందు వెళ్ళిన పిల్లలు పిలిచారు. తుంగ మీద ఒక పెద్ద గోధుమరంగు పక్షి తక్కువ ఎత్తులో తేలుతూ పోతోంది. తల మీద మీగడ రంగు. "గదేంది సారు?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ పిలుపు ఎవరికో తెలియక నేనూ నర్సింలూ ఇద్దరం అటు చూశాం.

"గద్ద," అన్నాడు నర్సింలు.

అది గద్ద కాదు, పిల్లిగద్ద. ఖాజా మియా నా వైపు చూశాడు. నర్సింలు కూడా ఒక్క క్షణం చూశాడు. నేను నోరు మెదపలేదు. వాడి పిల్లల ముందు, ఆ రోజున, అటు వైపు నుంచి వచ్చిన నేను వాడిని తప్పు పట్టడమా అనిపించింది. దుర్భిణి మెడలో వేసుకుని, రైలుకు టైమవుతోందని చెప్పి వచ్చేశాను. రైలు సాయంత్రం దాకా లేదు. స్టేషన్‌లో సిమెంటు బల్ల మీద ఎండ మొహాన కొట్టేదాకా కూర్చున్నాను.

నర్సింలు అడిగినది

రెండు రోజుల తర్వాత ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు నర్సింలు వచ్చాడు.

"గది గద్ద కాదు గద సారు?"

"కాదు."

"మీకు అప్పుడే ఎరుక. మరెందుకు చెప్పలే?"

"నీ విద్యార్థుల ముందు బాగుండదని."

వాడి మొహం ఎర్రబడింది. "పాలపిట్టప్పుడు అందరి ముంగట తిడితిరి. పండుగని సూడలే, ఎవ్వరున్నరని సూడలే. గిప్పుడేమొ మర్యాద జేస్తున్రు. తప్పు జెప్పిన ఊకుంటిరంటె, నేను గుడ మీకు బయటోన్నే అన్నట్టు."

"నువ్వు నన్ను పిలవకుండా వెళ్ళావు నర్సింలూ."

"అవ్ సారు. పోయిన," అన్నాడు. "కని గది వేరె. ఇది వేరె," అని వెళ్ళిపోయాడు.

వేరా, ఒకటా అన్నది ఇప్పటికీ నాకు తెగలేదు. నేను మాట్లాడకపోవడం గౌరవమే అనుకున్నాను, వాడికది గెంటివేత అయింది. మీరు ఏదో ఒకనాడు ఇలాంటి చోట నిలబడతారు. బయటివాళ్ళ తప్పును ఎవరూ పనిగట్టుకుని దిద్దరు. మీరు ఎవరిని దిద్దడం మానేస్తారో వాళ్ళు మీకు బయటివాళ్ళయినట్టే. ఈ సంగతి నా దగ్గర పాఠం నేర్చుకున్నవాడే నాకు చెప్పాడు.

ఆ వచ్చే ఆదివారం తెల్లవారుతూనే నా గది ముందు సైకిళ్ళ చప్పుడైంది. తలుపు తీస్తే నర్సింలు, వెనక పిల్లలు. ఖాజా మియా లేడు. నర్సింలు వరండాలోకి రాకుండా మెట్టు మీదే నిలబడి, పిల్లల వైపు తిరిగాడు.

"పోయిన ఐతారం నేను గద్ద అన్న. గది తప్పు. అసలు సంగతి సారు చెప్తరు, వినుండ్రి."

చెప్పాను. గద్ద తోక చీలి ఉంటుందని, దీని తోక గుండ్రమని. గద్ద పైన తిరుగుతుందని, ఇది రెక్కలు కాస్త పైకెత్తి తుంగను తాకేటంత కిందగా పోతుందని. గద్ద ఏడాదంతా ఇక్కడే ఉంటుందని, ఇది వానలు వెళ్ళాక వచ్చి ఎండలు ముదరకముందే పోతుందని. నర్సింలు కూడా విన్నాడు. ఒక మాట అడిగాడు కూడా, మగదాని రంగు గురించి. పాత నర్సింలు అడిగినట్టే అడిగాడు.

చెప్పడం అయిపోయింది. పిల్లలు సైకిళ్ళు తిప్పుకుంటున్నారు. అలీసాగర్‌లో పక్షి పేరు అడిగిన అమ్మాయి నా వైపు చూసింది.

"సారు, మీరు రారా మాతోని?"

నర్సింలు సైకిల్ గొలుసు చూస్తున్నట్టు వంగాడు. గొలుసుకు ఏమీ కాలేదు. వాడు తలెత్తి రమ్మంటాడేమోనని నేను ఆగాను. నేనే వస్తానంటే ఏం చెయ్యాలా అని వాడు ఆగాడని నాకు తెలుసు.

"మోకాలు నొప్పిగా ఉందమ్మా. మీరు వెళ్ళి రండి," అన్నాను.

"అయితె వచ్చే ఐతారం రాండ్రి," అంది ఆ అమ్మాయి.

"నడువుండ్రి, ఎండెక్కుతది," అన్నాడు నర్సింలు. సైకిలెక్కే ముందు నా వైపు తిరిగి, "పోయొస్త సారు," అన్నాడు.

వీధి మలుపు దాకా వాళ్ళు కనిపించారు, తర్వాత కొంతసేపు మాటలు వినిపించాయి. అవి కూడా ఆగిపోయాక చొక్కా వేసుకుని, తలుపుకు తాళం పెట్టాను. వాళ్ళు చెరువు వైపు వెళ్ళారు కనక నేను పార్కు వైపు నడిచాను.